నరుకుళ్ళపాడు గాథ: ఒక భయానక కథనం - చారిత్రక మూలాలు

వ్యాససంగ్రహం

తుళ్లూరు, అమరావతి ప్రాంతాలలో రెండు శతాబ్దాలకు పైగా ప్రచారంలో ఉన్న భయానక గాథ నరుకుళ్ళపాడు కథ. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చెంచులను విందుకు పిలిచి నరికించాడని, ఆపైన ఆయన తినబోయిన అన్నం పురుగులుగా మారేదని, ఆ పాప పరిహారంగానే ఆయన అమరావతిలో శివాలయ సేవకు అంకితమయ్యాడని ఈ కథ చెబుతుంది. ఈ గాథకు ప్రేరణలుగా నిలిచిన రాజకీయ పరిస్థితులను, పౌరాణిక భావనలను, ఊరి పేరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హత్యను గురించిన కథ హంతకుని పశ్చాత్తాప కథగా మారిన క్రమాన్ని, ఆ క్రమంలో హతుల ఉనికికి ఏమి జరిగిందన్న విషయాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు, చెంచులు, నరుకుళ్ళపాడు, అమరావతి, ఐతిహ్యం, బీభత్స రసం, స్థలనామం.

1. ఉపోద్ఘాతం

భయానక కథలు శూన్యం నుంచి పుట్టవు. ప్రతి కథ వెనుకా ఒక ఇల్లు, ఒక చావు, ఒక నేరం, లేదా చెప్పుకోలేని ఒక జ్ఞాపకం ఉంటుంది. రచయిత పేరు తెలిసిన కథలకు ఆ మూలాన్ని వెతకడం కొంత సులభం. ఆయన లేఖలు, ఆనాటి పత్రికలు, న్యాయస్థానాల కాగితాలు అందుకు తోడ్పడతాయి. రచయిత పేరు లేకుండా జనం నోట పెరిగిన కథల విషయంలో ఆ పని కష్టం. అక్కడ నేల, ఊరి పేరు, గుడి, కథ చెప్పే తీరు ఇవే ఆధారాలు.

కృష్ణానది దక్షిణపు ఒడ్డున, పత్తికీ మిరపకూ పేరుపడిన నల్లరేగడి మైదానంలో తుళ్లూరు ఉంది. 2015లో ఆంధ్రప్రదేశ్ రాజధాని నగరానికి అమరావతి అనే పేరు పెట్టి, ఆ ఏడాది అక్టోబరు 22న తుళ్లూరు మండలంలోని ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన చేయడంతో ఈ ప్రాంతం దేశమంతటికీ పరిచయమైంది. కొత్త నగరం తన పేరును పడమటి దిక్కున ఉన్న పాత అమరావతి పట్టణం నుంచి తీసుకుంది. ఆ పట్టణాన్ని వెంకటాద్రినాయుడు పద్దెనిమిదో శతాబ్దపు చివరలో కట్టించాడు. ఎందుకు కట్టించాడు అన్న ప్రశ్నకు ఈ ప్రాంతపు జనశ్రుతి ఇచ్చే సమాధానమే నరుకుళ్ళపాడు కథ. కనుక ఈ గాథను పరిశీలించడమంటే ఒక నగర నామం వెనుక ఉన్న జ్ఞాపకాన్ని పరిశీలించడం కూడా.

2. కథాసంగ్రహం

చిన్న చిన్న భేదాలతో వినిపించే ఈ కథ సారాంశం ఇది. వెంకటాద్రినాయుడు కృష్ణ ఒడ్డున చింతపల్లిలో కోట కట్టుకొని పాలిస్తున్న రోజులు. అడవుల నుంచి దిగివచ్చిన చెంచులు పల్లెల మీద పడి దోపిడీలు చేస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి. వారిని అణచడం సాధ్యం కాక నాయుడు ఉపాయం పన్నాడు. వారిని విందుకు పిలిచాడు. వారు నమ్మి వచ్చారు. వచ్చినవారిని ఒకరి తరువాత ఒకరిగా తలలు నరికించాడు. చనిపోయినవారు ఆరు వందల మంది అన్నది ఎక్కువగా ప్రచారంలో ఉన్న లెక్క. ఆ నరుకుడు జరిగిన చోటే నరుకుళ్ళపాడు అయింది. ఆ ఊరు నేడు అమరావతి మండలంలో ఉంది.

ఆ తరువాత నాయుడు భోజనానికి కూర్చున్నప్పుడల్లా విస్తరిలోని అన్నం పురుగులుగా కనిపించసాగింది. ముద్ద నోటికి పోలేదు, మనసుకు శాంతి లేదు. చివరకు పెద్దల ఉపదేశం మేరకు చింతపల్లిని విడిచి అమరేశ్వరుని సన్నిధికి చేరాడు. ఆలయాన్ని పునరుద్ధరించాడు, నిత్యార్చనకు తొమ్మిది మంది అర్చకులను నియమించి ఒక్కొక్కరికి పన్నెండు ఎకరాల భూమి ఇచ్చాడు. తన సంపదను గుళ్లకు, దానాలకు ధారపోశాడు. అప్పుడు అన్నం మళ్లీ అన్నమైంది.

ఈ కథలో నాలుగు మెట్లు ఉన్నాయి: ఆహ్వానం, వధ, పురుగులు, పరిహారం. మొదటి రెండు మెట్లు చెంచుల గురించి. చివరి రెండూ రాజు గురించి మాత్రమే. కథ నడిమిలో జరిగిన ఈ మార్పే దాని స్వభావాన్ని నిర్ణయించింది.

3. రక్తం నుంచి పురుగులకు: కథలోని రసం, పురాణ మూలం

వినేవారిని ఈ కథలో కలవరపెట్టేది ఆరు వందల తలలు తెగడం కంటే అన్నంలో పురుగులు కనిపించడమే. దీనికి అలంకారశాస్త్రంలో వివరణ దొరుకుతుంది. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు బీభత్స రసాన్ని విభజిస్తూ, రక్తం వంటి వాటి వల్ల పుట్టేదాన్ని క్షోభజమనీ, పురుగులు, మలం వంటి వాటి వల్ల పుట్టేదాన్ని ఉద్వేగి అనీ పేర్కొన్నాడు. నరుకుళ్ళపాడు కథ మొదటి దానితో మొదలై రెండో దానిలోకి సాగుతుంది. రక్తం ఒక రోజు పారి ఇంకిపోయింది. పురుగులు మాత్రం రోజుకు రెండు పూటలా వచ్చాయి. ఒక్కసారి జరిగిన ఘోరాన్ని నిత్య జీవితంలోకి తీసుకురావడమే ఈ కథలోని భయానికి మూలం.

పురుగుల కల్పనకు పౌరాణిక మూలం కూడా ఉంది. భాగవత పంచమ స్కంధం చివర వచ్చే నరకాల వర్ణనలో క్రిమిభోజనం అనే నరకం ఉంది. దొరికిన దానిని ఇతరులకు పంచకుండా, పంచయజ్ఞాలు చేయకుండా తినేవాడు అక్కడికి చేరతాడు. అక్కడ తానే పురుగై, పురుగులను తింటూ, పురుగులకు ఆహారమవుతాడు. తెలుగు భాగవతంలో ఈ పంచమ స్కంధాన్ని రచించినవాడు గంగన. ఇతరులకు అన్నం పెట్టకుండా తినడమే అంతటి పాపమైతే, అన్నం పెడతానని పిలిచి ప్రాణం తీయడం ఎంతటి పాపమో పురాణం విన్న శ్రోతకు వేరుగా చెప్పనక్కరలేదు. జనశ్రుతి ఆ నరకాన్ని పరలోకం నుంచి తెచ్చి రాజుగారి విస్తరిలో పెట్టింది.

ఇక్కడ శిక్షకూ నేరానికీ ఉన్న సంబంధం గమనించదగినది. ఆకలితో ఉన్నవాడికి పెట్టే అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపంగా భావించే సమాజంలో, ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదని చెప్పుకునే సమాజంలో, ఉప్పు పెట్టే ఇల్లే ద్రోహం చేసింది. నేరం విస్తరి ముందు జరిగింది కనుక శిక్ష కూడా విస్తరిలోనే వచ్చింది. ఇంతటి బిగువైన కార్యకారణ సంబంధం వల్లనే, రచయిత పేరు లేకపోయినా, ఈ కథ తరాలను దాటి నిలిచింది.

విందుకు పిలిచి చంపడం ఈ ప్రాంతానికి మాత్రమే పరిమితమైన కథాంశం కాదు. 1811 మార్చి 1న కైరో కోటలో మహమ్మద్ అలీ పాషా మమ్లూక్ నాయకులను ఉత్సవానికి ఆహ్వానించి, వారు తిరిగి వెళ్తున్నప్పుడు కోట దారిలో చుట్టుముట్టి చంపించాడు. అది వెంకటాద్రినాయుడు జీవించి ఉన్న కాలమే. పాత అధికార వ్యవస్థలు కూలి కొత్తవి నిలదొక్కుకునే సంధికాలాలలో ఆతిథ్యం ఆయుధంగా మారిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. కనుక నరుకుళ్ళపాడు కథను కేవలం కల్పన అని తోసిపుచ్చడం కూడా సులభం కాదు.

4. చింతపల్లి నుంచి అమరావతికి: చారిత్రక నేపథ్యం

వెంకటాద్రినాయుడు 1783లో జమీందారీకి వచ్చి 1816 వరకు పాలించాడు. ఆ కాలమంతా గుంటూరు సీమలో అధికార మార్పిడి జరిగిన కాలం. గుంటూరు సర్కారు 1788లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అంతకు ముందు జమీందారు అంటే శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే కాదు. సొంత సిబ్బందిని, సొంత కోటను ఉంచుకొని, దారులకూ పల్లెలకూ కావలి కాసే బాధ్యతను, శిక్షించే అధికారాన్ని కలిగి ఉన్నవాడు. కంపెనీకి కావలసింది సకాలంలో పేష్కషు చెల్లించే జమీందారు. సైన్యం ఉన్న జమీందారు దానికి అక్కరలేదు. ఈ రెండు భావనల మధ్య ఘర్షణ చింతపల్లి కోట దగ్గరే బయటపడింది. మద్రాసు ప్రభుత్వపు తీరు పట్ల ఆగ్రహించే నాయుడు చింతపల్లిని వదిలి కొత్త పట్టణం కట్టుకున్నాడని అమరావతి స్తూపాన్ని పరిశీలించిన ఆంగ్ల పండితులు రాశారు. ఆయన అమరావతికి మారిన సంవత్సరంగా 1796 ప్రసిద్ధం.

ఈ విధంగా ఒకే తరలింపునకు రెండు కారణాలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి రాజకీయమైనది: కంపెనీతో పడక రాజు కోట మార్చాడు. రెండోది నైతికమైనది: పాపం వెంటాడి రాజు దేవుని శరణు కోరాడు. రెండూ ఒకదానినొకటి కాదనేవి కావు. అయినా వాటి ఫలితాలు వేరు. మొదటి కారణంలో రాజు ఓడిపోయినవాడు. రెండో కారణంలో ఆయన తన అంతరాత్మకు తప్ప మరెవరికీ లొంగనివాడు. కోటను కోల్పోయిన పాలకుని కథ కంటే పాపాన్ని కడుక్కున్న భక్తుని కథ ఆయన వంశానికీ, ఆయన పోషించిన ఆలయాలకూ ఎక్కువ గౌరవం తెచ్చేది. ఘోరమైన నేరాన్ని కూడా దాచకుండా చెప్పిన ఈ కథ, ఆ నేరాన్ని ఆలయ నిర్మాణానికి పునాదిగా మార్చింది. ఈ అర్థంలో ఇది స్థలపురాణపు పనిని చేసింది.

కథలోని మరో పాత్ర అయిన దోపిడీకి కూడా కాలపు నేపథ్యం ఉంది. 1790 ప్రాంతపు సంవత్సరాలలో దక్కన్‌ను, ఉత్తర సర్కారులను పుర్రెల కరవుగా పేరుపడిన ఘోర క్షామం పీడించింది. పాలకునికి అది శాంతిభద్రతల సమస్యగా కనిపిస్తుంది. అడవిలో ఉన్నవాడికి అది ఆకలి. ఆకలిగా ఉన్నవారిని రప్పించడానికి భోజనం కంటే బలమైన ఎర లేదు. కథలోని ఆహ్వానాన్ని ఈ కరవు పక్కన ఉంచి చదివితే అది రాజనీతి చమత్కారంగా కనిపించదు.

1802లో శాశ్వత శిస్తు విధానం వచ్చిన తరువాత కంపెనీ జమీందార్ల నుంచి పోలీసు అధికారాన్ని తొలగించింది. అందువల్ల నరుకుళ్ళపాడు కథలో కనిపించే పాలకుడు, అంటే విచారణ లేకుండా వందల మందికి మరణశిక్ష విధించగలవాడు, ఆ తరహా అధికారానికి చివరి ప్రతినిధులలో ఒకడు. ఆ అధికారం పోయిన తరువాతి తరాలు దానిని భయంతోనూ ఆశ్చర్యంతోనూ తలచుకోవడానికి ఈ కథ వాహికయింది.

అమరావతి నిర్మాణంలో మరో విధ్వంసం కూడా కలిసి ఉంది. కొత్త పట్టణానికి ఇటుకలు, రాళ్లు కావలసి వచ్చి నాయుని మనుషులు దీపాలదిన్నె అని పిలిచే దిబ్బను తవ్వారు. అది అమరావతి మహాస్తూపం. ఆ సంగతి విని 1797 ప్రాంతంలో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. భారత సర్వేయర్ జనరల్ అయిన తరువాత, 1816లో, చిత్రకారులతో తిరిగి వచ్చి మిగిలిన శిల్పాల చిత్రాలు గీయించాడు. అప్పటికే దిబ్బ నడిమి భాగం చెరువుగా మారింది. ఎన్నో పాలరాతి ఫలకాలు పగిలిపోయాయి, కొన్ని సున్నపు బట్టీలకు పోయాయి. అయినా స్తూపానికి మెకంజీ దొరికాడు. దాని శిల్పాలకు పటాలు, కొలతలు, తరువాత చెన్నై, లండన్ మ్యూజియంలలో చోటు దొరికాయి. అదే రాజు పాలనలో, అదే నేల మీద మరణించారని చెప్పే మనుషుల కోసం అలాంటి సర్వే ఏదీ జరగలేదు.

5. ఊరి పేరు: రెండు నరుకుళ్ళు

కథకు బలమైన ఆధారంగా చెప్పేది ఊరి పేరు. వ్యాకరణ దృష్టితో చూస్తే ఆ పేరు కథకు అనుకూలంగానే ఉంది. నరుకు ధాతువు నుంచి నరుకుడు, దాని బహువచనం నరుకుళ్ళు, షష్ఠీ అర్థంలో నరుకుళ్ళ, ఆపై పాడు. పాడు అనేది ఈ సీమలో గ్రామాన్ని సూచించే సాధారణమైన ఉత్తరపదం. తుళ్లూరు మండలంలోనే నేలపాడు, దొండపాడు ఉన్నాయి. కనుక పాడు అనే పదంలో వినాశార్థం వెతకనవసరం లేదు.

అయితే నరుకు అనే క్రియ మనుషులకు మాత్రమే చెందినది కాదు. తెలుగులో చెట్లనూ నరుకుతారు, కొమ్మలనూ నరుకుతారు. అడవిని నరికి సేద్యానికి తెచ్చిన చోటుకు అలాంటి పేరు రావడం సహజం. అప్పుడు పేరు ముందు పుట్టి, దానికి అర్థం చెప్పడానికి కథ తరువాత వచ్చి చేరిందని భావించవచ్చు. పేరును బట్టి కథ పుట్టడం స్థలనామాల అధ్యయనంలో తరచుగా ఎదురయ్యే విషయం.

ఈ రెండు వివరణలలో ఒకదానిని ఎంచుకోవాలన్న తొందరకు ముందు వాటి మధ్య ఉన్న సంబంధాన్ని గుర్తించాలి. అడవిని నరకడానికీ, అడవిలో బతికేవారిని లేకుండా చేయడానికీ మధ్య దూరం తక్కువ. చెంచుల జీవనం వేట, తేనె, దుంపలు, అడవి ఫలసాయం మీద ఆధారపడింది. సేద్యం విస్తరించి అడవి అంచులు వెనక్కి జరిగిన కొద్దీ వారి తిరుగుడు నేల కుంచించుకుపోయింది. నిన్నటి వేటభూమి నేడు మరొకరి పొలమైతే, ఆ పొలంలోకి అడుగుపెట్టినవాడు దొంగ అవుతాడు. పేరు చెట్ల నరుకుడు నుంచి వచ్చినా, మనుషుల నరుకుడు నుంచి వచ్చినా, అది నల్లరేగడి మైదానం సేద్యభూమిగా మారిన చరిత్రలోని ఒకే ప్రక్రియకు గుర్తు.

6. సేలం హత్య, పో కథ: ఒక పోలిక

కథకూ వాస్తవానికీ ఉన్న సంబంధాన్ని స్పష్టం చేసుకోవడానికి రచయిత పేరు తెలిసిన ఒక ప్రసిద్ధ భయానక కథతో పోలిక ఉపకరిస్తుంది. ఎడ్గార్ అలెన్ పో రాసిన 'ది టెల్-టేల్ హార్ట్' 1843 జనవరిలో 'ది పయొనీర్' అనే పత్రికలో వెలువడింది. నిద్రిస్తున్న ఒక వృద్ధుణ్ణి చంపి నేలపలకల కింద దాచిన హంతకుడు, ఆ చచ్చిన గుండె ఇంకా కొట్టుకుంటున్న చప్పుడు విని తట్టుకోలేక, అనుమానించని అధికారుల ముందు తానే నేరం ఒప్పుకొంటాడు.

ఈ కథకు ప్రేరణలలో ఒకటిగా విమర్శకులు 1830 ఏప్రిల్ 6 రాత్రి అమెరికాలోని సేలం పట్టణంలో జరిగిన హత్యను పేర్కొంటారు. జోసెఫ్ వైట్ అనే ఎనభై రెండేళ్ల మాజీ నౌకా నాయకుణ్ణి ఆయన పడక మీదే చంపారు. ప్రాసిక్యూషన్ తరఫున డేనియల్ వెబ్‌స్టర్ చేసిన వాదన అచ్చయి దేశమంతటా చదవబడింది. హంతకుడు తన రహస్యాన్ని మోయలేడని, అది అతనిని లోపలి నుంచి తొలిచి చివరకు బయటపడుతుందని వెబ్‌స్టర్ వాదించాడు. పో కథలోని మనస్తత్వ చిత్రణకు ఈ వాదనతో గల పోలిక స్పష్టం.

రెండు కథల నిర్మాణమూ ఒక్కటే. పాపం హంతకుని ఇంద్రియాల ద్వారా మాట్లాడుతుంది. పో కథలో హంతకుణ్ణి పట్టి ఇచ్చింది చెవి. నరుకుళ్ళపాడు కథలో పట్టి ఇచ్చింది విస్తరి. రెండు చోట్లా చంపబడినవారికి పేరు లేదు. పో తన కథలోని వృద్ధునికి ఏ పేరూ పెట్టలేదు.

తేడా కథల వెలుపల ఉంది. సేలంలో న్యాయస్థానం కొలువుదీరింది. సాక్షులు చెప్పారు, నిందితులకు శిక్షలు పడ్డాయి, చనిపోయినవాని పేరు, వయసు, గాయాలు కాగితం మీదికి ఎక్కాయి. వాస్తవం న్యాయస్థానంలో భద్రంగా ఉంది కనుక కథకునికి కల్పించే స్వేచ్ఛ వచ్చింది. పో వృద్ధుని పేరు తీసివేసినా జోసెఫ్ వైట్ పేరు చరిత్రలో మిగిలింది. నరుకుళ్ళపాడులో ఆ పరిస్థితి లేదు. అక్కడ శిక్షించే అధికారం, నేరం చేశాడని కథ చెప్పే చేయి ఒక్కటే. కథ పేర్లు చెప్పకపోతే ఆ పేర్లు ఇక ఎక్కడా లేవు. న్యాయస్థానం లేని చోట కథే సాక్ష్యం కావలసి వచ్చింది. ఆ సాక్ష్యం రాజు బాధను గురించి చెప్పినంతగా చెంచుల బాధను గురించి చెప్పలేదు.

7. పేరున్నవారు, పేరు లేనివారు

వెంకటాద్రినాయుడు పేర్లు పెట్టడంలో ప్రసిద్ధుడు. తండ్రి జగ్గయ్య పేర జగ్గయ్యపేట, తల్లి అచ్చమ్మ పేర అచ్చంపేట, అమరేశ్వరుని పేర అమరావతి ఏర్పడ్డాయి. 1807-09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల మంగళగిరి గాలిగోపురం ఆయన పేరును నేటికీ దూరం నుంచే గుర్తుచేస్తుంది. ఆయన పాలనతో జనం ముడిపెట్టిన పేర్లలో ఆయన పెట్టనిది నరుకుళ్ళపాడు ఒక్కటే. శాసనాలలో చోటు దొరకని విషయానికి జనం ఊరి పేరులో చోటు చూపించారు.

ఆయన మరణం తరువాతి చరిత్ర ఈ వైరుధ్యాన్ని మరింత స్పష్టం చేస్తుంది. సంతానం లేని నాయుడు జగన్నాథబాబును, తరువాత రామనాథబాబును దత్తత తీసుకున్నాడు. ఇద్దరి మధ్య జమీందారీ కోసం మొదలైన వ్యాజ్యం వారి తరువాత కూడా సాగి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. రంగమ్మ, అచ్చమ్మల మధ్య వ్యాజ్యంగా 1846లో వచ్చిన తీర్పు, మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా చేసుకున్న రెండో దత్తత చెల్లదని నిర్ణయించింది. హిందూ ధర్మశాస్త్ర అధ్యయనంలో ఈ తీర్పు ప్రామాణికమైనది. ఒక వంశపు ఆస్తి ఎవరికి చెందాలన్న ప్రశ్న మీద సముద్రాల అవతల ఉన్న న్యాయమూర్తులు కూడా విచారణ జరిపారు. ఆ వంశపు కథలోని అతిపెద్ద నేరం మీద మాత్రం విచారణ జరిపింది జనం నోరు ఒక్కటే.

భయానక కథలలో సాధారణంగా చనిపోయినవారు తిరిగి వస్తారు. తీరని కోరికతోనో, తీర్చుకోవలసిన పగతోనో, తమకు జరిగింది చెప్పడానికో వస్తారు. నరుకుళ్ళపాడు కథలో చెంచులు తిరిగి రారు. వారు కలలోకి రారు, కోట గోడల మీద కనిపించరు, ఒక్క మాట మాట్లాడరు. వారికి బదులు పురుగులు వచ్చాయి. ఆరు వందల మంది మనుషులు ఒక వ్యక్తి ఇంద్రియ బాధగా మారిపోయారు. ఆ బాధ తీరగానే కథ కూడా తీరిపోయింది. దయ్యాలుగా మిగిలే హక్కు కూడా ఈ కథ చెంచులకు ఇవ్వలేదు.

ఆరు వందలు అనే సంఖ్య కూడా ఆలోచించదగినది. అది గుండ్రని సంఖ్య. లెక్కపెట్టినవారు చెప్పే అంకె కాదు, ఎక్కువ మంది అని సూచించడానికి జనం వాడే అంకె. కథలో ప్రతి అర్చకునికి ఇచ్చిన భూమి ఎకరాలలో స్పష్టంగా ఉంది. చచ్చిన మనుషుల లెక్క మాత్రం వందలలో ఉంది. దానాలకు పత్రాలు ఉంటాయి, చావులకు ఉండవు.

కథ గమనించని మరో విషయం దైవానికి సంబంధించినది. చెంచులు శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లయ్యగా, తమ ఆడపడుచును పెళ్లాడిన అల్లునిగా భావిస్తారు. అహోబల నరసింహుని విషయంలోనూ వారి సంప్రదాయం అలాంటిదే. అంటే చెంచులను నరికించిన పాపం పోగొట్టుకోవడానికి రాజు శరణు కోరిన శివుడు, చెంచుల నమ్మకం ప్రకారం వారి ఇంటి అల్లుడే. ఈ కథను చెంచుల వైపు నుంచి చెప్పేవారు ఉంటే, అమరేశ్వరుని సన్నిధిలో రాజు క్షమాపణ అడగడం దగ్గర కథ ఆగదు. మామవారింటి చావులకు అల్లుడు ఏమి సమాధానం చెప్పాడు అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. ప్రచారంలో ఉన్న కథలో ఆ ప్రశ్నకు చోటు లేదు. చెంచుల జీవనాన్ని సమగ్రంగా వర్ణించిన హైమెన్‌డార్ఫ్ గ్రంథం 1943లో వెలువడింది. అప్పటికి నరుకుళ్ళపాడు కథాకాలం దాటి సుమారు నూట యాభై ఏళ్లయింది.

8. ముగింపు

నరుకుళ్ళపాడు గాథకు ప్రేరణలు మూడు వైపుల నుంచి వచ్చాయి. కంపెనీ రాకతో కదిలిపోయిన జమీందారీ అధికారం, చింతపల్లి నుంచి అమరావతికి జరిగిన తరలింపు దానికి చారిత్రక భూమిక. అతిథికి పెట్టని అన్నం పురుగులవుతుందన్న పురాణ భావన దానికి రూపాన్ని ఇచ్చింది. అడవి నరికిన నేల మీద నిలిచిన ఊరి పేరు దానికి సాక్ష్యంగా నిలిచింది. ఈ మూడూ కలిసి, ఒక పాలకుని కోట మార్పును ఒక పాపి విమోచన కథగా మలిచాయి.

ఈ కథను చరిత్రగా యథాతథంగా స్వీకరించడం సరికాదు. కట్టుకథ అని కొట్టిపారేయడం అంతకంటే సరికాదు. చంపినవాని తరఫున రాజ్యం, ఆలయం, న్యాయస్థానం అన్నీ మాట్లాడిన చోట, చంపబడినవారున్నారని చెప్పింది ఈ కథ ఒక్కటే. అసంపూర్ణంగానైనా, పక్షపాతంతోనైనా చెప్పింది. అందువల్ల దీనిని చదివే పద్ధతి ముఖ్యం. పురుగుల దగ్గర ఆగిపోతే ఇది రాజు కథ. విస్తరి ముందు కూర్చోవడానికి వచ్చినవారు ఎవరు, ఏ ఆకలితో వచ్చారు, ఏ అడవి నుంచి వచ్చారు అని అడిగితే ఇది ఈ మైదానపు చరిత్ర అవుతుంది.

అమరావతి అనే పేరు రెండోసారి ఒక రాజధానికి పేరైంది. రాజధాని కోసం తుళ్లూరు పరిసరాలలోని ఇరవై తొమ్మిది గ్రామాల నేల మళ్లీ ఒకసారి తన రూపం మార్చుకుంటోంది. ఆ నేల చరిత్ర రాసేటప్పుడు అమరావతి పక్కన నరుకుళ్ళపాడును కూడా చేర్చడం అవసరం. ఒకటి పాలకుడు పెట్టిన పేరు, మరొకటి జనం నిలిపిన పేరు. రెండింటినీ కలిపి చదివినప్పుడే ఈ ప్రాంతం తన గతం గురించి చెప్పుకున్న మాట పూర్తవుతుంది.